ఆదివారం తెలిసే దేవుడు సోమవారం షిఫ్ట్‌లో ఎందుకు తెలియడం లేదు?

నాయనా, నువ్వు అడిగింది ఇది: శ్రీసిటీలో ఫోన్లు తయారయ్యే లైన్ మీద పని, వారానికో షిఫ్ట్, తిరుపతి నుంచి కంపెనీ బస్సులో రానుపోను మూడు నాలుగు గంటలు. ఆదివారం ఆరాధనలో కన్నీళ్లు వస్తాయి, దేవుడు పక్కనే నిలబడినట్టు ఉంటుంది, సోమవారం లైన్ ఎక్కేసరికి ఏమీ మిగలదు, ఆరు రోజులూ లోపలంతా ఎండిపోయినట్టే గడుస్తాయి. ఇది నా విశ్వాసంలో లోపమా, రోజూ ఆయన సన్నిధి తెలియాలంటే ఏం చెయ్యాలి అని. చివర్లో ఇంకో మాట కూడా రాశావు, మా సంఘం పాస్టరు అయ్యగారిని అడిగితే ఇంకా ఎక్కువ ప్రార్థన చెయ్యమన్నారు, ఆ ఎక్కువ ఏ టైంలో చెయ్యాలో నాకు తెలియడం లేదు అని. ఆ మాట చదివాకే ఇంత పొడుగ్గా రాయాలనిపించింది.

నేను చిత్తూరులో ఉంటాను. ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా 33 ఏళ్లు చేసి రిటైరయ్యాను. బైబిల్ కాలేజీలో చదవలేదు, సండే స్కూలు మాత్రం చాలా ఏళ్లు చెప్పాను. షిఫ్ట్ డ్యూటీలు అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. ఊరంతా పడుకున్నప్పుడు మెలకువగా ఉండి, ఊరు లేచేటప్పుడు తలుపులేసుకుని పడుకునే బతుకులో ‘వేకువనే లేచి ప్రార్థించుము’ అన్న బోధ వింటే ఎంత బాధగా ఉంటుందో కూడా తెలుసు.

ముందు నీ మొదటి ప్రశ్నకి జవాబు. లోపం లేదు. నువ్వు ఆయన్ని పని జరుగుతున్న ఆ నిమిషంలోనే పట్టుకోవాలని చూస్తున్నావు, దొరక్కపోతే లేడనుకుంటున్నావు. నా అనుభవంలో, వాక్యంలో నేను చూసినదాంట్లో కూడా, ఆయన సన్నిధి ఎక్కువసార్లు జరుగుతున్నప్పుడు తెలియదు. వెనక్కి తిరిగి చూసుకున్నాకే తెలుస్తుంది.

ఆదికాండము 28లో యాకోబును చూడు. అన్నకి భయపడి ఇల్లు విడిచి పారిపోతున్నాడు, దారిలో పొద్దుకుంకింది, ఒక రాయి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. పడుకునే ముందు ప్రార్థన చేసినట్టు కూడా రాసి లేదు. ఆ రాత్రి కలలో నిచ్చెన చూశాడు, దేవుడు మాట్లాడాడు, లేచాక అతను అన్నమాట ఇది: ‘నిశ్చయముగా యెహోవా ఈ స్థలమందున్నాడు, అది నాకు తెలియకపోయెను.’ పన్నెండు గోత్రాలకి తండ్రి అయినవాడే తెలియకపోయెను అన్నాడు. లూకా 24లో ఎమ్మాయు దారిలో నడిచిన ఇద్దరు శిష్యులు ఆమడ దూరం యేసు పక్కనే నడిచారు, మాట్లాడారు, తమ ఆశంతా పోయిందని ఆయనకే చెప్పుకున్నారు, అయినా గుర్తుపట్టలేదు. ఇంట్లో కూర్చుని రొట్టె విరిచినప్పుడు గుర్తుపట్టారు, పట్టిన మరుక్షణం ఆయన కనబడలేదు. అప్పుడు ఒకరితో ఒకరు అనుకున్నారు, దారిలో మాట్లాడుతుంటే మన గుండె మండలేదా అని. మండుతున్నప్పుడు అది ఎందుకో వాళ్లకి తెలియలేదు నాయనా. మోషే కూడా నీ మహిమ చూపించు అని బతిమాలితే దేవుడు ఆయన్ని బండ సందులో దాచి, తను దాటిపోయాక వెనుక వైపు మాత్రమే చూడనిచ్చాడు. నిర్గమకాండము 33 చివర్లో ఉంటుంది, ఈ రోజు తీసి చదువు.

నాకు ఇది పుస్తకంలోంచి రాలేదు. మా ఆయనకి 2007లో రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు వేలూరులో డయాలసిస్. నైట్ డ్యూటీలు అడిగి వేయించుకుని, ఆయనకి డయాలసిస్ ఉన్న ముందు రోజు రాత్రి సెలవు పెట్టుకుని, తెల్లవారకముందే చిత్తూరు బస్టాండుకి చేరేవాళ్లం. గుడిపాల దాటి, కాట్పాడి దాటి, గంటకి పైగా ప్రయాణం. పోయేటప్పుడు ఆయన కాళ్లు వాచి, ఊపిరి బరువుగా, నా భుజం మీద తల పెట్టుకునేవాడు. వచ్చేటప్పుడు ఒళ్లంతా పీల్చేసినట్టు అయిపోయి, మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు. రెండేళ్లకి పైగా ఇలాగే. ఆ రెండేళ్లలో నాకు దేవుడు ఒక్క రోజు కూడా తెలియలేదు. ప్రార్థన మానలేదు, కానీ గోడతో మాట్లాడినట్టే ఉండేది. ఒక కూడికలో ఒకరు లేచి నాలో విశ్వాసం చాలక ఆయన బాగుపడటం లేదని అందరి ముందూ అన్నారు. ఆ మాట చాలా ఏళ్లు నాలో ముల్లులా ఉండిపోయింది. నీకు ఎవరైనా అలాంటి మాట అని ఉంటే దాన్ని మొయ్యొద్దు, దింపెయ్.

ఆయన 2009లో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. తర్వాత నాలుగో నెలో ఐదో నెలో, మా సంఘంలో ఒక పెద్దావిడ వచ్చి, ఆ రెండేళ్లలో ఏ రోజు గుర్తొస్తే ఆ రోజు గురించి ఒక నోటుబుక్కులో రాయమంది. ఏడుపు రాస్తావో కోపం రాస్తావో నీ ఇష్టం, జరిగింది మాత్రం వరసగా రాయి అంది. నాకు ఇష్టం లేకపోయినా ఆవిడ మీద గౌరవంతో మొదలుపెట్టాను. బస్సు, వాచిన కాళ్లు, వెయిటింగ్ హాలు, మందుల ఖర్చు, అన్నీ రాస్తూ పోతే బస్టాండు బయట ఇడ్లీ బండి వచ్చింది.

ఆ బండి అమ్మ గురించి అప్పటిదాకా నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. డాక్టర్లు ఉప్పు బాగా తగ్గించమన్నారని, మా ఆయన మొదటి వారంలో ఊరికే అడిగాడు, ఉప్పు లేని ఇడ్లీ ఉంటుందా అమ్మా అని. ఎక్కడుంటుంది నాయనా, పిండిలోనే కలుపుతాం కదా అంది. నాలుగు రోజుల తర్వాత మళ్లీ వెళితే రెండు ఇడ్లీలు విడిగా ఆకులో పెట్టి ఇచ్చింది. రాత్రి పిండి రుబ్బాక, ఉప్పు కలపకముందే చిన్న గిన్నెడు పక్కకి తీసిపెట్టిందంట. పచ్చడీ సాంబారూ ఆయన తినకూడదని పైన చెంచాడు చక్కెర చల్లేది. ఏ రోజుల్లో వస్తామో తనే లెక్కపెట్టుకుంది, రెండేళ్లకి పైగా ఒక్కసారి మర్చిపోలేదు. ఇది రాస్తూ రాస్తూ పెన్ను పక్కన పెట్టేశాను. నేను మోకాళ్ల మీద ఉండి నువ్వెక్కడున్నావు ప్రభువా అని అడుగుతున్న ఆ రాత్రుల్లోనే, రెండు వీధుల అవతల ఒకామె మా ఆయన కోసం గిన్నెడు పిండి పక్కకి తీస్తూ ఉండింది.

తర్వాత ఆమె దగ్గరికి వెళ్లి చెప్పాను, నీ రుణం తీర్చుకోలేనమ్మా అని. నుదుట పెద్ద కుంకుమబొట్టు, ఏటా అలిపిరి మెట్ల మీదుగా కాలినడకన కొండెక్కే మనిషి. ఆమె అన్నది ఒకటే, ‘ఏముందమ్మా, ఉప్పు డబ్బా ముట్టుకుంటానే మీరు గుర్తొస్తారు.’ ఆ గుర్తుచేసింది ఎవరో నాకు తెలుసు అనుకుంటాను. ఆమెకి ఆమె దేవుడు, ఆ విషయం మీద ఆమెతో వాదన పెట్టుకోలేదు, పెట్టుకోవాలని అనిపించలేదు. నా ప్రభువుకి నేను స్తోత్రం చెప్పుకున్నాను, ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాను.

వేలూరులో డయాలసిస్ జరిగే నాలుగు గంటలు బయట కూర్చునేదాన్ని కదా, ఆ ఊళ్లో అంత పెద్ద ఆసుపత్రి ఎలా పుట్టిందో అప్పుడే వివరంగా తెలుసుకున్నాను. మా తాతల కాలం సంఘం 1853లో స్కడ్డర్ సోదరులు మొదలుపెట్టిన ఆర్కాటు మిషన్‌ది, ఆ ఆసుపత్రి మొదలుపెట్టిన ఐడా స్కడ్డర్ కూడా ఆ కుటుంబం పిల్లే. జబ్బుపడ్డ తల్లిని చూసుకోవడానికి వచ్చిన అమ్మాయికి ఇక్కడ ఉండిపోవాలని లేదు, తిరిగి అమెరికా పోవాలనే ఉండింది. తిండివనంలో ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ కాన్పు కష్టమై ఉన్నారు. ఆమె తండ్రి డాక్టరే, కానీ మగ డాక్టరు మా ఆడవాళ్లని చూడకూడదు, నువ్వే రా అన్నారు. నాకు వైద్యం రాదు అని ఆమె పంపించేసింది. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆమె అమెరికా వెళ్లి 1899లో డాక్టరు డిగ్రీ తీసుకుని, 1900లో తిరిగి వచ్చి వేలూరులో పని మొదలుపెట్టింది. ఆ రాత్రి ఆమెకి వినబడింది తలుపు చప్పుడు మాత్రమే. అది దేవుని పిలుపని తెల్లారాకే తెలిసింది.

సరే, నువ్వు చెయ్యాల్సింది చెబుతాను. రోజు ముగిశాక, నీ షిఫ్ట్ ఏదైనా సరే, పడుకునే ముందు పది నిమిషాలు ఆ రోజుని మొదటి నుంచి నడిచి చూసుకో. ఎన్నింటికి లేచావు, బస్సులో పక్కన ఎవరు కూర్చున్నారు, లైన్ మీద ఎవరు ఏమన్నారు, భోజనం దగ్గర ఏం జరిగింది, ఇలా ఒక్కో గంటా. పాపాల చిట్టాతో మొదలుపెట్టొద్దు, మనుషులతో మొదలుపెట్టు. ఎక్కడ నీ మనసు కాస్త తేలికపడిందో అక్కడ ఆగు, ఎక్కడ బిగుసుకుందో అక్కడా ఆగు. నువ్వు ఎవరినైనా నొప్పించి ఉంటే అప్పుడు క్షమాపణ అడుగు, రేపు ఆ మనిషికి ఏం చెప్పాలో కూడా అక్కడే అడుగు. తర్వాత ఒక చిన్న నోటుబుక్కులో తేదీ వేసి ఒకే ఒక్క లైను రాయి. ఒక్క లైను చాలు, ఎక్కువ రాస్తే వారానికే మానేస్తావు. ఏమీ తెలియని రోజు ‘ఈ రోజు ఏమీ తెలియలేదు’ అని నిజం రాయి, కల్పించి రాయొద్దు. మొదటి రెండు మూడు వారాలు అలాంటి లైన్లే ఎక్కువుంటాయి. నెలకోసారి మొత్తం చదువు. విడివిడిగా చూస్తే ఏమీ లేని లైన్లు వరసగా చదివితే వేరేగా కనబడతాయి, నాకు ప్రతిసారీ అలాగే జరిగింది.

ఇది కొత్తగా నేను కనిపెట్టింది కాదు. 16వ శతాబ్దంలో జెస్యూట్ అనే కాథలిక్ గురువుల సభని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా తనవాళ్లకి నేర్పిన పద్ధతికి దగ్గరగా ఉంటుంది. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ల పద్ధతి మనకెందుకు అని మన సంఘాల్లో కొందరు అంటారు, నన్నూ అన్నారు. అలాంటప్పుడు 77వ కీర్తన తీసి చూపిస్తాను. ఆ కీర్తన రాసిన ఆసాపుకి రాత్రి నిద్ర పట్టలేదు, దేవుడు కటాక్షించడం మానేశాడా అని బాహాటంగానే అడిగాడు, ఆ తర్వాత పాత దినాలు తలుచుకోవడం మొదలుపెట్టాడు. కీర్తన చివరికొచ్చేసరికి సముద్రంలో నీ దారి ఉంది, కానీ నీ అడుగుజాడలు గుర్తుపట్టబడలేదు అంటాడు. ఎర్ర సముద్రం దాటిన రోజున కూడా అడుగులు కనబడలేదట. నువ్వు లైన్ మీద నిలబడి అడుగులు కనబడలేదని దిగులు పడుతున్నావు.

పని చేస్తున్నప్పుడు ఏమీ చెయ్యక్కర్లేదా అంటావేమో. చెయ్యొచ్చు, కానీ చిన్నగా. మా వార్డుల్లో ఒక పేషెంటు నుంచి ఇంకో పేషెంటు దగ్గరికి వెళ్లేముందు చేతులు కడుక్కోవాలి. సబ్బు రాసి కడిగే ఆ కాసేపట్లో, ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్తున్నానో ఆ పేరు దేవుని ముందు చెప్పేదాన్ని. పేరు మాత్రమే. డ్యూటీలో 40 సార్లు చేతులు కడిగితే 40 పేర్లు. అందులో సగం సార్లు మనసు ఎక్కడో ఉండేది, ఒళ్లు నొప్పుల మీదో ఇంటి అప్పు మీదో. అయినా చెయ్యి నీళ్ల కింద పెట్టగానే నోట్లోకి పేరు వచ్చేసేది, అలవాటు అలా నిలబెడుతుంది. నువ్వు రాశావు కదా, గేటు దగ్గర ఫోన్ అప్పగించేస్తామని, లైన్ ఎక్కే ముందు చేతికి యాంటీ స్టాటిక్ పట్టీ కట్టుకుని చెక్ చేయించుకుంటామని. ఆ పట్టీ బిగించుకునేటప్పుడు ఒక్క వాక్యం పెట్టుకో, ‘ప్రభువా, నువ్వు ఇక్కడున్నావు’ అని. రోజంతా గుర్తుంచుకోవాలని టెన్షన్ పడొద్దు, లైన్ స్పీడు మీద ఉన్నప్పుడు పని మీదే మనసు పెట్టు, ఎవరి చేతికో చేరే వస్తువు అది, దాన్ని శ్రద్ధగా చెయ్యడం కూడా ఆయన ముందు చేసే పనే.

ఈ విషయంలో నాకు ధైర్యం ఇచ్చిన మనిషి ఒకరున్నారు. 17వ శతాబ్దంలో పారిస్‌లో కార్మలైట్ అనే కాథలిక్ సన్యాసుల మఠంలో వంటింట్లో పనిచేసిన బ్రదర్ లారెన్స్. వంటపని ఆయనకి సహజంగా ఇష్టం లేదు, కాలు కూడా కుంటి. అలాంటిది వంటింటి గిన్నెల చప్పుడులో, నలుగురూ నాలుగు వైపుల నుంచి పిలుస్తున్నప్పుడు కూడా, మోకాళ్ల మీద ఉన్నప్పటి నెమ్మదే ఉంటుందని చెప్పాడు. ఈ మాట చాలామంది బోధల్లో చెబుతారు. మొదటి పదేళ్లు ఆయన చాలా బాధపడ్డాడని, తన పాపాలే కళ్ల ముందు కనబడేవని మాత్రం చెప్పరు. అది కూడా ఆయనే చెప్పుకున్నాడు. పదేళ్లు! నువ్వు ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయిందని రాశావు.

ఇంకో సంగతి నర్సుగా చెబుతున్నాను, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద కూర్చుని నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు ఆయనకి అప్పుడు వాక్యం చెప్పలేదు, మందలించలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత రొట్టె, నీళ్లు ఇప్పించాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. ఆ సన్నని మెల్లని స్వరం చాలా రోజుల తర్వాత, తిండీ నిద్రా అయ్యాక వచ్చింది. వారం వారం షిఫ్ట్ మారే ఒంటికి నిద్ర సరిగ్గా ఉండదు, నిద్ర లేనివాడికి ఏదీ తియ్యగా అనిపించదు, పాట గానీ ప్రార్థన గానీ. నైట్ షిఫ్ట్ దిగి ఉపవాస ప్రార్థనకి పరుగెత్తే పిల్లల్ని చూశాను, వద్దు నాయనా, ముందు సంగటి ముద్ద తిని పడుకో. ఒకవేళ రెండు వారాలు దాటి ప్రతిరోజూ దిగులుగా, దేని మీదా ఇష్టం లేకుండా, సెలవు రోజున కూడా నిద్ర పట్టకుండా ఉంటే అది ఆత్మీయ సమస్య అని నీకు నువ్వే తీర్పు చెప్పుకోకుండా డాక్టరుకి చూపించుకో. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం వాళ్లు పెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. చనిపోవాలని అనిపిస్తే మాత్రం ఆ రోజే, ఆలస్యం చెయ్యకుండా ఎవరికైనా చెప్పు.

ఆదివారం కన్నీళ్ల గురించి: అవి అబద్ధం కావు. పదిమంది కలిసి పాడితే, మన భాషలో మన బాధ ఎవరో పాడితే, గుండె కరుగుతుంది, అది దేవుడిచ్చిన వరమే. దాన్ని కొలతగా మాత్రం పెట్టుకోవద్దు, కరగని రోజు దేవుడు రాలేదని లెక్కవెయ్యొద్దు.

అలాగే వెనక్కి చూసుకోవడం అలవాటయ్యాక ఒక ప్రమాదం ఉంది, ప్రతి చిన్నదాన్నీ సూచన అనుకోవడం. బస్సు మిస్సయింది కాబట్టి ఈ ఉద్యోగం వద్దని దేవుడు చెబుతున్నాడు, బైబిల్ కళ్లు మూసుకుని తెరిస్తే ఈ వచనం వచ్చింది కాబట్టి ఈ సంబంధమే చేసుకోవాలి, ఇలా పోయి దెబ్బతిన్నవాళ్లు నాకు తెలుసు. నేను చూసుకునేది రెండే: అది వాక్యానికి ఒప్పుతుందా, దానివల్ల నాలో పక్కవాడి మీద ప్రేమ పెరిగిందా. పెద్ద నిర్ణయాలకి ఇంకా ఇద్దరు ముగ్గురు పెద్దల్ని అడుగుతాను. దర్శనం చెబుతాను, కానుక కట్టు అని అడిగేవాళ్ల దగ్గరికి పోవద్దు.

మీ అయ్యగారి మీద కోపం పెట్టుకోకు. ఆయన మంచికే చెప్పి ఉంటారు, షిఫ్ట్ ఉద్యోగం ఎలా ఉంటుందో ఆయనకి తెలియకపోవచ్చు. ఒకసారి నీ షిఫ్ట్ చార్ట్ తీసుకెళ్లి చూపించు. వీలైతే నీలాగే షిఫ్టుల్లో పనిచేసే విశ్వాసులు ఇద్దరు ముగ్గురు కలిసి, ఆదివారం డ్యూటీ పడిన వారంలో ఏదో ఒక రోజు గంటసేపు కూర్చోండి. మా నర్సులం ముగ్గురం కొన్నేళ్లు బుధవారం మధ్యాహ్నాలు కూర్చున్నాం. ఒకరు ఆ వారం తన నోటుబుక్కులోంచి ఒక లైను చదివేవారు, మిగతా ఇద్దరం వినేవాళ్లం, తర్వాత చిన్న ప్రార్థన, టీ. కొన్నిసార్లు ఎవరి దగ్గరా చదవడానికి ఏమీ ఉండేది కాదు, టీ తాగి లేచేవాళ్లం. మనకి మన రోజులో కనబడనిది పక్కవాళ్లు విని చెబుతారు, అందుకే ఒంటరిగా చెయ్యొద్దంటున్నాను.

ఈ వారం నీకు ఏ షిఫ్ట్ ఉందో రాయలేదు. సాయంత్రం షిఫ్ట్ అయితే ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి దాటిపోతుంది, అప్పుడు పది నిమిషాలు కూడా కష్టమే, అందుకని తిరుగు బస్సులోనే కళ్లు మూసుకుని రోజంతా చూసుకో, లైను మాత్రం మర్నాడు లేచాక రాయి. మధ్యలో నిద్రపోతే నిద్రపో. నిన్న నేను రాసుకున్న లైను చెబుతాను, ఎలా ఉంటుందో తెలుస్తుంది: ‘ఎదురింటి చిన్నపాప పాలచెంబు ఇచ్చి పోతా పోతా వెనక్కి వచ్చి, అవ్వా, మోకాలు నొప్పి తగ్గిందా అనింది.’